చేపపిల్లల మేతలో ప్రొటీన్, కొవ్వు: గోదావరి డెల్టా రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరం, ఆకివీడు, ఉండి, గణపవరం మొదలుకొని కొల్లేరు అంచుల వరకు నర్సరీ చెరువులు నడిపేవాళ్లు, పిల్ల తెచ్చి పెంపకం చెరువులో వేసుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లల గురించే ఎక్కువ చెప్పాం. మిగతా చేపల లెక్క తేడాగా ఉన్నచోట విడిగా రాశాం.

పెద్ద చేపకి 25 శాతం ప్రొటీన్ మేత చాలుతుంటే, పిల్లకి 40 శాతం ఎందుకండి?

మూడు రోజుల స్పాన్ (గుడ్డు నుంచి వచ్చిన తొలి పిల్ల) ఒక్కొక్కటి సుమారు 1.4 మిల్లీగ్రాములు తూగుతుంది. పదిహేను, ఇరవై రోజులు తిరిగేసరికి అంగుళం పొడవు పిల్ల, అంటే ఫ్రై, అవుతుంది, అంటే బరువు వంద రెట్లకు పైగా పెరుగుతుంది. ఆ పెరుగుదలంతా కొత్త కండే. నీటిని తీసేసి చూస్తే కండలో ఎక్కువ భాగం ప్రొటీనే. కిలో చేప తిన్నదాంట్లో చాలా భాగం ఈదడానికి, ఊపిరికి, ఒంటిని నిలుపుకోవడానికి పోతుంది. పిల్ల తిన్నది ఒళ్లు కట్టడానికి పోతుంది.

మేత పరిమాణం కూడా కలిపి లెక్కేస్తే తేడా బాగా తెలుస్తుంది. పిల్లకి రోజుకి బరువులో 8 శాతం మేత, అందులో 40 శాతం ప్రొటీన్ అనుకుంటే, కిలో బరువు పిల్లలకి రోజుకి 32 గ్రాముల ప్రొటీన్ అందాలి. పెద్ద చేపకి 2 శాతం మేత, 25 శాతం ప్రొటీన్ అనుకుంటే కిలోకి 5 గ్రాములు చాలు. పెద్ద చేపల సంచి తెచ్చి పొడి చేసి పిల్లకి వేస్తే ఎందుకు చాలదో ఈ లెక్కే చెబుతుంది.

ఏ దశలో ఎంత ఉండాలి?

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలకి:

స్పాన్ నుంచి ఫ్రై (అంగుళం) వరకు: ప్రొటీన్ 40–45 శాతం, కొవ్వు 7–9 శాతం.
ఫ్రై నుంచి ఫింగర్‌లింగ్ (మూడు, నాలుగు అంగుళాలు) వరకు: ప్రొటీన్ 35 శాతం చుట్టుపక్కల, కొవ్వు 6–8 శాతం.
ఫింగర్‌లింగ్ నుంచి 100 గ్రాముల దాకా: ప్రొటీన్ 28–32 శాతం, కొవ్వు 4–6 శాతం.

చెరువులో సహజ ఆహారం బాగా ఉంటే రెండో, మూడో దశల్లో తక్కువ అంకె సరిపోతుంది. సిమెంటు తొట్టెల్లో, హాపాల్లో (నీళ్లలో కట్టే వల సంచులు), కేజుల్లో పెంచితే ఎక్కువ అంకెకి తగ్గకూడదు. అక్కడ పిల్ల తినేది మనం వేసిందే.

ఫంగస్ (పంగాసియస్ అనే చేప) పిల్ల మొదట్లో 35–40 శాతం ప్రొటీన్ కోరుతుంది, వేలెడు సైజు దాటాక 30–32 చాలు. తిలాపియాకి ఫ్రై దశలో 40–45, తర్వాత 32–35. పండుగప్ప, కొర్రమీను వేటాడే జాతులు కాబట్టి 45–50 శాతం ప్రొటీన్, 10 శాతానికి పైగా కొవ్వు కావాలి. శీలావతి మేతతో పండుగప్ప పిల్లని నెట్టుకొద్దామనుకుంటే అది పక్కపిల్లని తినడం మొదలుపెడుతుంది.

స్పాన్ వేసిన మొదటి వారం ఏం పెట్టాలి?

మొదటి వారం అసలు మేత నీళ్లలోనే తయారవ్వాలి. స్పాన్ నోరు చాలా చిన్నది. ఈ జాతులకి జీర్ణాశయం ఉండదు, ఉన్న చిన్న పేగులో కూడా జీర్ణరసాలు ఇంకా పూర్తిగా ఊరవు. రోటిఫర్లు, మొయినా లాంటి జంతు ప్లవకాలు (నీళ్లలో తేలే అతి చిన్న జీవులు) ఎండు బరువులో సగానికి పైగా ప్రొటీనే. అవి పిల్ల నోట్లో పట్టేంత ఉంటాయి, తేలిగ్గా అరుగుతాయి. పొడి మేత ఎంత ఖరీదైనదైనా ఈ వారంలో వాటికి సాటి రాదు.

ఎకరం నర్సరీకి వేరుశనగ చెక్క 300 కిలోలు, పేడ 80 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 20 కిలోలు పెట్టుకోవాలి. అందులో సగం నీళ్లలో చిక్కగా కలిపి, స్పాన్ వేయడానికి రెండు మూడు రోజుల ముందు చెరువంతా చల్లాలి. మిగతా సగం స్పాన్ వేశాక రెండు మూడు విడతలుగా, నీటి రంగు చూసుకుంటూ వేయాలి. పెట్టుకున్నాం కదా అని మొత్తం ఒకేసారి కుమ్మరిస్తే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది.

ప్లవకం వల ఉంటే 50 లీటర్ల నీళ్లు వడకట్టి, అడుగున పేరుకున్నది కొలవండి. 1 నుంచి 2 మిల్లీలీటర్లు ఉంటే స్పాన్ వదలొచ్చు. వల లేకపోతే తెల్లవారుజామున గాజు గ్లాసుతో నీళ్లు ముంచి వెలుతురుకి పట్టుకోండి. సన్నటి నలుసులు గంతులేస్తూ కనబడాలి. నీళ్లు పచ్చగా ఉండి నలుసులు లేకపోతే అది నాచు ప్లవకమే, స్పాన్‌కి అంతగా పనికిరాదు. వెల్లకిలా ఈదే పురుగులు కనబడితే ముందు వాటి సంగతి చూడండి. మీ మేత తినాల్సిన పిల్లని అవి తింటాయి.

ఇక పొడి మేత. వేరుశనగ చెక్క, తవుడు సమపాళ్లలో మెత్తగా దంచి పల్చటి గుడ్డతో జల్లెడ పట్టాలి. లక్ష స్పాన్ బరువు సుమారు 140 గ్రాములు. మొదటి అయిదు రోజులు దానికి నాలుగు రెట్లు, అంటే రోజుకి 560 గ్రాములు. ఆరో రోజు నుంచి ఎనిమిది రెట్లు, అంటే 1 కిలో 120 గ్రాములు. ఉదయం సగం, సాయంత్రం సగం వేయాలి. పిల్ల పట్టే ముందు రోజు మేత ఆపాలి. నిండు పొట్టతో పట్టిన పిల్ల ఆక్సిజన్ కవర్లోనే నీళ్లు పాడుచేసి సగం దారిలో చనిపోతుంది.

చెక్క, తవుడు సగం సగం మా తాతల నాటి నుంచీ వేస్తున్నాం. అది చాలదా?

ప్లవకం నిండుగా ఉన్నంతకాలం చాలుతుంది. అది తగ్గిన రోజు నుంచి చాలదు.

లెక్క చూడండి. వేరుశనగ చెక్కలో సుమారు 42 శాతం ప్రొటీన్, నూనె ఉన్న తవుడులో 12–13 శాతం. సగం సగం కలిపితే 27 శాతం వస్తుంది. ఫ్రై దశకి కావలసింది 40. లోటంతా ప్లవకమే పూడుస్తోంది. ఎకరానికి పదిహేను లక్షల స్పాన్ వేస్తే, వారం పది రోజులకి ఆ పిల్లలే ప్లవకాన్ని తినేస్తాయి, నీళ్లు తేరుకుంటాయి. సరిగ్గా అప్పుడే పిల్ల ఆకలి పెరుగుతుంది. చాలా నర్సరీల్లో ఎనిమిదో రోజు నుంచి పన్నెండో రోజు మధ్య పిల్ల తలలు పెద్దవై, ఒళ్లు సన్నబడడానికి కారణం ఇదే. జబ్బు అనుకుని మందు కొడతారు. వేయాల్సింది మిగతా ఎరువు విడత, ప్రొటీన్ ఎక్కువున్న పొడి.

రెండో సంగతి ప్రొటీన్ నాణ్యత. చేప తన ఒంట్లో తయారుచేసుకోలేని అమైనో ఆమ్లాలు పది ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటి తగ్గినా, మిగతావి ఎంత ఉన్నా కండ పెరుగుదల ఆ తగ్గినదాని దగ్గరే ఆగిపోతుంది. మిగిలినవన్నీ ఒంట్లో కాలి అమ్మోనియాగా నీళ్లలోకి వస్తాయి. వేరుశనగ చెక్కలో లైసిన్, మెథియోనిన్ రెండూ తక్కువ. సోయా చెక్కలో లైసిన్ బాగుంటుంది, మెథియోనిన్ తక్కువ. నువ్వుల చెక్కలో మెథియోనిన్ ఎక్కువ, లైసిన్ తక్కువ. పత్తి చెక్కలో లైసిన్ తక్కువ, పైగా గాసిపాల్ అనే విషపదార్థం ఉన్న లైసిన్‌ని కూడా పట్టేసుకుంటుంది. అందుకే పత్తి చెక్కని పిల్ల మేతలో వాడొద్దని గట్టిగా చెబుతాం. ఒకే చెక్క 60 శాతం వేయడం కన్నా రెండు మూడు చెక్కలు కలిపి, పదో వంతు మంచి ఎండు చేపల పొడి చేరిస్తే అదే శాతం ప్రొటీన్‌తో పిల్ల బాగా ఎదుగుతుంది.

కొవ్వు ఎందుకు? లావెక్కడానికా?

శక్తికి. చేపకి రోజువారీ శక్తి ఏదో ఒక దాని నుంచి రావాలి. కొవ్వు గ్రాముకి 9 కేలరీలు ఇస్తుంది, ప్రొటీన్ సుమారు 4 ఇస్తుంది. మేతలో కొవ్వు సరిపడా లేకపోతే చేప ప్రొటీన్‌నే కాల్చుకుంటుంది. ఖరీదు పెట్టి కొన్న చెక్క, చేపల పొడి కట్టెల్లా తగలబడుతుందన్నమాట. 35 శాతం ప్రొటీన్‌తో 7 శాతం కొవ్వు ఉన్న మేత, 38 శాతం ప్రొటీన్‌తో 3 శాతం కొవ్వు ఉన్నదాని కన్నా చాలాసార్లు మెరుగ్గా పనిచేయడానికి కారణం అదే.

కొవ్వులో రెండు ఆమ్లాలు తప్పనిసరి: లినోలెయిక్, లినోలెనిక్. కార్పు జాతి పిల్లలకి మేతలో ఒక్కోటి 1 శాతం దాకా ఉండాలి. మన దగ్గర తేడా వచ్చేది రెండోదానితో. వేరుశనగ నూనెలో లినోలెనిక్ దాదాపు ఉండదు, తవుడు నూనెలో ఒకటి రెండు శాతమే. చెక్క, తవుడు మీదే నడిచే మేతలో మొత్తం కొవ్వు అంకె బాగానే కనిపిస్తుంది, లినోలెనిక్ మాత్రం కొరత. ప్లవకం ఉన్న చెరువులో ఆ లోటు అంతగా బయటపడదు. తొట్టెల్లో పడుతుంది. దానికి 1 శాతం చేప నూనె, లేదా అవిసె నూనె చాలు. సోయా నూనెలోనూ సుమారు 7 శాతం లినోలెనిక్ ఉంటుంది. పండుగప్ప దగ్గర మాత్రం మొక్కల నూనెలతో పని జరగదు. శీలావతి లినోలెనిక్ నుంచి పెద్ద ఆమ్లాలు తయారుచేసుకోగలదు, పండుగప్ప అలా చేసుకోలేదు. దానికి చేప నూనె ఉండాల్సిందే.

అయితే నూనె ఇంకా ఎక్కువ కలిపితే?

వద్దు. చేప శక్తి అవసరం తీరగానే తినడం ఆపేస్తుంది. కొవ్వు మరీ ఎక్కువైతే తక్కువ మేతతోనే కడుపు నిండినట్టవుతుంది, దాంతో కావలసిన ప్రొటీన్ లోపలికి వెళ్లదు. మిగిలిన కొవ్వు పేగుల చుట్టూ, కాలేయంలో పేరుకుంటుంది. ఫంగస్ పిల్లల్లో ఇది త్వరగా కనబడుతుంది.

నూనె ఎక్కువైతే గుళిక కూడా గట్టిగా కట్టదు, నీళ్లలో పడగానే విడిపోతుంది.

తవుడు కనరు వాసన వస్తోంది. వేయొచ్చా?

పిల్లకి వేయొద్దు. నూనె ఉన్న తవుడులో 12 నుంచి 18 శాతం కొవ్వు ఉంటుంది. బియ్యం పట్టిన క్షణం నుంచే తవుడులోని లైపేజ్ అనే ఎంజైము ఆ కొవ్వుని విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత గాలి తగిలి నూనె చెడుతుంది. మన వానాకాలపు తేమలో ఈ పని రోజుల్లోనే జరిగిపోతుంది. చెడిన నూనె మేతలోని విటమిన్ ఇ ని తినేస్తుంది, పిల్ల కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వీపు కండ కరిగిపోయేలా చేస్తుంది.

గుప్పెడు తవుడు పిడికిట్లో గట్టిగా నొక్కి తెరిచి వాసన చూడండి. తాజా తవుడు తియ్యటి బియ్యం వాసన వస్తుంది. ముక్కుకి ఘాటుగా తగిలితే, నాలిక మీద వేసుకుంటే చేదుగా ఉంటే అది చెడినట్టే. మిల్లు నుంచి తెచ్చిన తవుడు మూడు రోజుల్లో వాడుకునేంతే తెచ్చుకోండి. నిల్వ పెట్టుకోవాలంటే నూనె తీసిన తవుడు, అదే డీవోబీ, తెచ్చుకుని కొవ్వు వంతు తాజా నూనెతో విడిగా కలుపుకోవడం మంచిది.

వేరుశనగ చెక్కతో భయం వేరు. తడి తగిలితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ తయారవుతుంది. బూజు దులిపినా, ఎండబెట్టినా, ఉడకబెట్టినా ఆ విషం పోదు. పచ్చటి, పసుపు బూజు కనబడిన బస్తా మొత్తం పక్కన పెట్టండి. బస్తాలు నేల మీద కాకుండా చెక్క బల్లల మీద, గోడకి అడుగు దూరంలో ఉంచండి.

ఫింగర్‌లింగ్ మేత మేమే కలుపుకుంటాం. 100 కిలోలకి లెక్క చెప్పండి.

వేరుశనగ చెక్క 40 కిలోలు
సోయా చెక్క (నూనె తీసినది, వేడి చేసినది) 20
ఎండు చేపల పొడి 10
తాజా తవుడు 18
డీవోబీ 7
నూకల పిండి 2
ఖనిజ లవణాలు, విటమిన్ల మిశ్రమం 2
చేప నూనె 1

ఇది సుమారు 35 శాతం ప్రొటీన్, ఏడున్నర శాతం కొవ్వు ఇస్తుంది. ఎలాగంటే: చెక్క నుంచి 16.8 కిలోల ప్రొటీన్, సోయా నుంచి 9.2, చేపల పొడి 55 శాతందైతే 5.5, తవుడు నుంచి 2.25, డీవోబీ నుంచి 1 చిల్లర. మీ సరుకు శాతాలు వేరుగా ఉంటే ఇదే పద్ధతిలో గుణించి కూడుకోండి. ముఖ్యంగా చేపల పొడి దగ్గర జాగ్రత్త. ఇసుక, ఉప్పు కలిసిన ఎండు చేపల చెత్తని పొడి చేసి అమ్మితే ప్రొటీన్ 55 బదులు 40 కూడా ఉండదు. చెంచాడు పొడిని గ్లాసు నీళ్లలో కలిపి వదిలేస్తే ఇసుక వెంటనే అడుక్కి చేరుతుంది.

అన్నీ విడివిడిగా మెత్తగా ఆడించి, జల్లెడ పట్టి, పొడి సరుకులు కలపండి. నూకల పిండిని గంజిలా కాచి పోయండి. పచ్చి సోయా మాత్రం వాడకండి. అందులో ప్రొటీన్‌ని అరగనివ్వని పదార్థం ఉంటుంది, వేడికి గానీ విరగదు. విటమిన్ మిశ్రమం, నూనె, ముద్ద చల్లారాకే కలపాలి. వేడికి విటమిన్ సి పోతుంది. గుళికలు నీడలో ఆరబెట్టి, తేమ 10 శాతం లోపుకి వచ్చాక సంచుల్లో ఎత్తండి. నెల లోపు వాడేయండి.

ఫాస్ఫరస్ గురించి ఒక మాట. చేపల పొడిలో ఎముక బోలెడంత ఉంది కదా, ఫాస్ఫరస్ వేరే ఎందుకని చాలామంది అనుకుంటారు. కార్పు జాతికి జీర్ణాశయం లేదు, దాంతో ఎముకని కరిగించే ఆమ్లం ఊరదు. ఎముకలోని ఫాస్ఫరస్ చాలావరకు అలాగే బయటకి పోతుంది. తవుడులో ఉన్నది ఫైటేట్ రూపంలో ఉంటుంది, అదీ అరగదు. ఖనిజ మిశ్రమం కొనేటప్పుడు మోనో కాల్షియం ఫాస్ఫేట్ లేదా మోనో సోడియం ఫాస్ఫేట్ ఉన్నది తీసుకోండి. ఇది తగ్గితే వెన్ను వంకర పోతుంది, పుర్రె మెత్తబడుతుంది, మేత తిన్నా ఎదుగుదల ఉండదు.

సంచి మీద 32 శాతం అని ఉంది. అయినా పిల్ల ఎదగడం లేదు. ఎందుకు?

సంచి మీద ఉండేది ముడి ప్రొటీన్. ప్రయోగశాలలో నత్రజని కొలిచి 6.25తో గుణిస్తారు. ఆ నత్రజని చేపల పొడి నుంచి వచ్చిందా, ఈకల పొడి నుంచి వచ్చిందా, యూరియా నుంచి వచ్చిందా ఆ అంకె చెప్పదు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి, 100 కిలోల మేతలో ఒక్క కిలో యూరియా కలిపితే కాగితం మీద ప్రొటీన్ దాదాపు 3 శాతం పెరుగుతుంది. పిల్లకి మాత్రం దాంతో ఒక్క గ్రాము కండ కూడా పట్టదు.

మేతని అనుమానించే ముందు మరో మూడు చూడండి. గుళిక నోటికి పడుతోందా? ఫ్రైకి అర మిల్లీమీటరు నూక, రెండంగుళాల పిల్లకి 1 మిల్లీమీటరు, నాలుగంగుళాలకి 2 మిల్లీమీటర్లు. మేత పరిమాణం చాలుతోందా? వారానికోసారి వంద పిల్లల్ని తూచి లెక్క మార్చాలి. లక్ష పిల్ల, ఒక్కోటి గ్రాము అంటే వంద కిలోల బరువు. రోజుకి 8 కిలోలు, మూడు నాలుగు పూటలుగా వేయాలి. జీర్ణాశయం లేని చేప ఒకేసారి ఎక్కువ దాచుకోలేదు. తెల్లవారుజామున పిల్ల నోళ్లు పైకి పెడుతోందా? ఆక్సిజన్ లేని చోట తిన్నది ఒంటబట్టదు.

ప్రొటీన్ ఎంత ఎక్కువ వేస్తే అంత త్వరగా పెరుగుతుందా?

ఒక హద్దు వరకే. 40 శాతం ప్రొటీన్ ఉన్న కిలో మేతలో 64 గ్రాముల నత్రజని ఉంటుంది. అందులో మూడో వంతు అటూ ఇటూగా పిల్ల ఒంటికి పడుతుంది, మిగతా 40 గ్రాములకు పైగా నీళ్లలోనే చేరుతుంది. విషమయ్యేది అమ్మోనియాలోని ఒక భాగమే, ఆ భాగాన్ని పీహెచ్ నిర్ణయిస్తుంది. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో 1 శాతం లోపు, 8 ఉంటే 7–8 శాతం, 9 ఉంటే 45 శాతం దాకా విషరూపంలో ఉంటుంది. పచ్చటి నాచు ముదిరిన చెరువులో మధ్యాహ్నం పీహెచ్ 9 దాటడం మామూలే.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. నీళ్లు మార్చే వీలుండదు, ఎండకి మట్టం తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. అప్పుడు పిల్ల చెరువులో ప్రొటీన్ శాతం తగ్గించకుండా మేత మొత్తమే పాతిక శాతం తగ్గించండి, ఎక్కువ పూటలుగా విడగొట్టండి. చౌక మేతకి మారితే అరగని పీచు అడుగున చేరి మరింత కుళ్లుతుంది.

స్టంటెడ్ పిల్లకి (ఎదుగుదల ఆపి నిలబెట్టిన పిల్లకి) ప్రొటీన్ తగ్గించాలా?

తగ్గించాల్సింది మేత పరిమాణం. ఒత్తుగా వేసి, రోజుకి బరువులో 1–2 శాతం మేతతో నిలబెడతారు. డీవోబీ ఒక్కటే పెట్టి నెలల తరబడి ఉంచితే తల పెద్దదై, వీపు కత్తిలా తయారైన పిల్ల వస్తుంది. అది పెంపకం చెరువులో వేశాక కూడా సరిగ్గా అందుకోదు. డీవోబీలో పాతిక శాతం చెక్క కలిపి, ఖనిజ మిశ్రమం వదలకుండా ఇస్తే పిల్ల చిన్నగానే ఉంటుంది, ఒళ్లు నిలబడుతుంది. మంచి చెరువులో పడ్డాక గబగబా ఎదుగుతుంది. స్టంటెడ్ పిల్ల కొనేవాళ్లు సైజు ఒక్కటే చూడకండి. నాలుగు పిల్లల్ని అరచేతిలో పెట్టుకుని వీపు కండ వేలితో తడిమి చూడండి.

చలికాలంలో?

డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున మేత వేయొద్దు. నీళ్లు కాస్త వేడెక్కాక, పదింటి నుంచి రెండింటి మధ్య వేయండి. పరిమాణం సగానికి తగ్గినా ఫరవాలేదు. ముసురు పట్టిన రోజుల్లోనూ అంతే.

మేత లోపం పిల్లని చూసి ఎలా కనిపెట్టాలి?

నాలుగైదు పిల్లల్ని పట్టి పొట్ట కోసి చూడండి. కాలేయం ముదురు ఎరుపుగా, అంచులు పదునుగా ఉంటే బాగున్నట్టు. పాలిపోయి, పసుపు తిరిగి, వేలితో నొక్కితే జిడ్డు అంటితే కొవ్వు ఎక్కువైనట్టు, లేదా చెడిన నూనె పడుతున్నట్టు. పేగు చుట్టూ తెల్లటి కొవ్వు గుత్తులు కడితే ప్రొటీన్‌కి మించిన శక్తి మేతలో ఉందని అర్థం. పిండి పదార్థాలు ఎక్కువైనా ఇలాగే ఉంటుంది. పేగు ఖాళీగా ఉంటే మేత అందడం లేదు. ఒకే చెరువులో పిల్లలు మూడు నాలుగు సైజులుగా విడిపోతే, మేత ఒకే మూల వేస్తున్నారేమో, గుళిక చిన్నవాటికి పట్టడం లేదేమో చూసుకోండి.

మేత పరీక్షకి నమూనా ఎలా తీయాలి?

ఒకే సంచి పైనుంచి గుప్పెడు తీసి పంపితే ఆ ఫలితానికి విలువ లేదు. లాటులో కనీసం పది సంచులు ఎంచి, ఒక్కో సంచి పైన, మధ్య, అడుగు నుంచి తీసి ఒక గోనె పట్టా మీద కలపండి. ఆ కుప్పని నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేయండి. మిగిలింది మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేయండి. అలా అర కిలో మిగిలేదాకా చేసి, గాలి చొరని కవర్లో రెండు ప్యాకెట్లు కట్టండి. ఒకటి ల్యాబుకి, ఒకటి మీ దగ్గర. ముడి ప్రొటీన్, కొవ్వు, తేమ, పీచు, ఇసుక ఈ అయిదూ రాయమని అడగండి. అనుమానం ఉంటే యూరియా పరీక్ష, వేరుశనగ చెక్కకైతే అఫ్లాటాక్సిన్ పరీక్ష విడిగా అడగాలి, అడగకపోతే చేయరు. ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, నమూనా తీసిన తేదీ రాసి, ఖాళీ సంచి కూడా దాచిపెట్టండి.